ఊరికి బస్సుంది, తండాకి లేదు: లెక్క ఎక్కడ తేడా కొడుతోంది?

నమస్తే. "ఈ ఊరి జనాభా 2,000. ఊళ్లో బస్సు సౌకర్యం ఉంది." ఇలాంటి మాట చదివి, "మరి ఇంకా రోడ్డు లేదని గొడవెందుకు?" అని అడిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రాసింది అబద్ధం కాదు. అందులో ఊరంటే ఏమిటో చూడకపోవడం దగ్గరే వస్తోంది చిక్కు.

జనాభా లెక్కల్లో పల్లెటూరంటే రెవెన్యూ గ్రామం. అంటే హద్దులు గీసిన భూమి. అందుకే ఒక్క మనిషి కూడా లేని ఊళ్లు ఆ జాబితాలో ఉంటాయి. వాటిని బేచిరాగ్ గ్రామాలంటారు, దీపం వెలగని ఊళ్లన్నమాట.

ఒక ఇల్లు అనుకోండి. అన్నదమ్ములు వేరుపడ్డారు. పొయ్యిలు మూడు, రేషన్ కార్డు మాత్రం ఒకటే. పెద్దాయన వంటింట్లో గ్యాస్ ఉంది. చిన్నవాడి భార్య పెరట్లో పొగలో కూర్చుని కట్టెలు ఊదుతోంది. ఎవరో వచ్చి కార్డు చూసి, "ఈ ఇంటికి గ్యాస్ ఉంది" అని రాసుకుని వెళ్లిపోయారు. రెవెన్యూ గ్రామం ఆ కార్డు. ఆవాసాలు, అంటే ఆ గ్రామంలో జనం గుంపుగా కాపురముండే పెద్ద ఊరు, కాలనీ, తండా లాంటివి, ఆ పొయ్యిలు.

(తెర మీద: ఊరి బొమ్మ)

మన ఊళ్లో పెద్ద ఊరిలో 1,300 మంది, చెరువు కట్ట అవతల కాలనీలో 400, మూడు కిలోమీటర్ల దూరంలో తండాలో 300 అనుకుందాం. కార్డు మీద 2,000. బస్సు పెద్ద ఊరి పొయ్యి దగ్గరే ఆగి వెనక్కి తిరుగుతుంది. పైగా 2011 లెక్కల్లో బస్సు గడిలో ఉందా, లేదా అనే ఉంటుంది. రోజుకు ఒక్కసారి వచ్చినా ఉన్నట్టే. లేకపోతే దగ్గరలో ఎక్కడుందో మూడు అక్షరాల్లో చెబుతారు: ఎ అంటే 5 కిలోమీటర్లలోపు, బి అంటే 5 నుంచి 10, సి అంటే 10కి పైన.

ఒకసారి వానాకాలంలో ఒక తండా నుంచి స్టేజీ దాకా నడిచాను. నా ముందు పోతున్న అమ్మాయి స్కూలు బూట్లు చేతిలో పట్టుకుంది. స్టేజీ దగ్గర బోరింగు కింద కాళ్లు కడుక్కుని, చున్నీ అంచుతో తుడుచుకుంటుండగానే బస్సు కదిలిపోయింది. ఆ ఊరి గడిలో మాత్రం బస్సు ఉంది.

రోడ్ల విషయంలో ఈ తేడాను గుర్తించిన పథకం ఒకటుంది. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన. దాని నిబంధనల్లో లెక్కకు తీసుకునేది ఆవాసాన్నే, రెవెన్యూ గ్రామాన్ని కాదు, పంచాయతీని కాదు. కార్డు పక్కన పెట్టి పొయ్యిలు లెక్కపెట్టారు! నాకు చాలా నచ్చిన నిబంధన ఇది. మైదానంలో 500 మంది, రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికొచ్చే గిరిజన ఏజెన్సీలో 250 మంది ఉంటే రోడ్డుకు అర్హత. 500 మీటర్లలోపు ఉన్న ఆవాసాల జనాభాను కలిపి చూడొచ్చు, పక్కపక్కన వెలిగే రెండు పొయ్యిల్లాగా. మన తండా మూడు కిలోమీటర్ల దూరంలో ఉంది కాబట్టి ఎవరితోనూ కలవదు. అదే 300 మంది ఏజెన్సీలో ఉంటే అర్హులు, మైదానంలో ఉంటే కాదు. పాడేరు వైపు గర్భిణులను డోలీల్లో మోసుకొచ్చే వార్తలు చూస్తూనే ఉన్నాం కదా, అక్కడ ఆ సడలింపు ఎంత అవసరమో వేరే చెప్పాలా?

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. 2024లో ఈ సడక్ యోజన నాలుగో దశకు ఆమోదం వచ్చింది: 25,000 ఆవాసాలు, 62,500 కిలోమీటర్లు, 2011 జనాభా ఆధారంగా. తెలంగాణలో 2018లో చాలా తండాలు సొంతంగా పంచాయతీలయ్యాయి, అంటే కొన్ని పొయ్యిలకు సొంత కార్డు వచ్చింది. ఆడవాళ్లకు ఉచిత బస్సు తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో మొదలైంది. మంచిదే, కానీ ఎక్కాలంటే ముందు బస్సు దగ్గరికి చేరాలి.

జిల్లా జనగణన పుస్తకంలో మీ ఊరి వరుస వెతకండి. బస్సు గడిలో ఏముందో, మీ వాడ నుంచి స్టేజీకి నిజంగా ఎంత నడవాలో, రెండూ కింద కామెంట్లో రాయండి.