పాత సినిమాలకి ఈ హెడ్‌ఫోన్స్ పనికొస్తాయా? సూర్యకాంతం గారి గొంతుతో పరీక్ష

నమస్తే అండి. ముందుగా ఒక మాట. ఈ హెడ్‌ఫోన్స్ కంపెనీ వాళ్ళు ఉచితంగా పంపారు. వీడియోకి డబ్బులేమీ ఇవ్వలేదు, వస్తువు వెనక్కి అడగలేదు. బ్యాటరీ ఎన్ని గంటలొస్తుంది, బ్లూటూత్ ఏ వెర్షన్, ఇవన్నీ మీరు ఈపాటికి ఎక్కడో చూసే ఉంటారు కాబట్టి నేను ఆ జోలికి వెళ్ళను. నాకు తెలియాల్సింది ఒక్కటే. పాత తెలుగు సినిమా పెట్టుకుంటే మాట స్పష్టంగా వినపడుతుందా, లేదా? దానికి నేను పెట్టుకున్న పరీక్ష, పాత సినిమాల్లో గయ్యాళి అత్తగా పేరుపడ్డ నటి సూర్యకాంతం గారి గొంతు.

ఆమే ఎందుకంటే, ఘంటసాల గారి పాట పెడితే ఏ హెడ్‌ఫోన్ అయినా బాగున్నట్టే అనిపిస్తుంది. పాట మనకి కంఠతా వచ్చు కదా, వినపడని ముక్కని మనసే పూరించుకుంటుంది. సూర్యకాంతం గారి డైలాగ్ దగ్గర ఆ వీలు లేదు. గట్టిగా అందుకుంటారు, మధ్యలో గొంతు దించి తనలో తనే గొణుక్కున్నట్టు ఏదో అంటారు, మళ్ళీ చివరి మాట సాగదీసి పైకెత్తుతారు. అసలు నవ్వంతా ఆ గొణుగుడులో ఉంటుంది. టీవీ స్పీకర్లో ముందుగా పోయేది అదే.

మొదట 'గుండమ్మ కథ' పెట్టాను. 1962, విజయా వారి సినిమా, దర్శకుడు కమలాకర కామేశ్వరరావు గారు, మాటలు డి.వి. నరసరాజు గారు. ఎన్టీఆర్, ఏఎన్నార్, ఎస్వీఆర్, సావిత్రి, జమున ఇంతమంది ఉన్న సినిమాకి సూర్యకాంతం గారి పాత్ర పేరు పెట్టారు. అది ఎన్టీఆర్ గారి నూరో సినిమా కూడా. హీరో నూరో సినిమాకి అత్తగారి పేరు పెట్టడానికి నిర్మాతలకి ఎంత నమ్మకం ఉండాలి!

ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తుంటే నాకు బాగా తగిలిన సంగతి ఇంకొకటుంది. గుండమ్మ మనం చెప్పుకునేంతగా అరవదు. సినిమాలో చాలాసేపు ఆమె నమ్ముతూ ఉంటుంది. అంజి (ఎన్టీఆర్) పనివాడని నమ్ముతుంది. ఖర్చు లేకుండా సవతి కూతురు లక్ష్మి పెళ్ళి అయిపోతుందని సంబరపడుతుంది. తన కూతురు సరోజకి రాజాతో (ఏఎన్నార్) జమీందారు సంబంధం కుదిరిందని పొంగిపోతుంది. ఆ అంజి, ఆ రాజా అన్నదమ్ములని, ఇద్దరూ జమీందారు కొడుకులేనని హాలంతటికీ తెలుసు. గుండమ్మకి మాత్రం తెలియదు. అంతమంది కలిసి ఒక మనిషిని ఆటపట్టిస్తుంటే, ఆ మనిషి మీద మనకి కోపం బదులు నవ్వు, కొంచెం జాలి కూడా వస్తున్నాయంటే అది ఆమె చలవే. ఆశపడే చోట గొంతు ఎంత మెత్తబడుతుందో వినండి. గయ్యాళి అనే ముద్ర పక్కన పెట్టి వినండి, పిచ్చి నమ్మకమున్న మనిషి వినపడుతుంది.

చివర్లో ఛాయాదేవి గారి పాత్ర వచ్చి ఇంట్లో పెత్తనం మొదలుపెడుతుంది. అక్కడ గుండమ్మ బిక్కచచ్చిపోతుంది. అప్పటిదాకా మాట విసిరిన గొంతే అది, ఇప్పుడు బతిమాలుతుంది. ఆ రెండు గొంతుల మధ్య తేడా ఈ హెడ్‌ఫోన్స్‌లో చాలా చక్కగా తెలిసింది. ఇక్కడ వీటికి పూర్తి మార్కులు ఇచ్చేస్తున్నాను.

ఇప్పుడు కాసేపు హెడ్‌ఫోన్స్ సంగతి పక్కన పెడతాను. సూర్యకాంతం గారి వయసు గురించి మీరెప్పుడైనా ఆలోచించారా? ఆమె కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో 1924 అక్టోబర్ 28న పుట్టారు. నాగేశ్వరరావు గారు పుట్టింది అదే ఏడాది సెప్టెంబర్ 20న. అంటే తనకంటే నెల పైచిలుకు పెద్దవాడికి అత్తగారిగా చేశారు! రామారావు గారు ఆమె కంటే ఏడాది పెద్ద. 'గుండమ్మ కథ' వచ్చేనాటికి ఆమెకి 37 ఏళ్ళు. 'మాయాబజార్' దగ్గరికి వస్తే ఇంకా ఆశ్చర్యం. 1957లో వచ్చిన ఆ సినిమాలో ఘటోత్కచుడి తల్లి హిడింబి ఆమే. ఘటోత్కచుడు ఎస్వీ రంగారావు గారు 1918లో పుట్టారు, ఆమె కంటే ఆరేళ్ళు పెద్ద. అయినా వాళ్ళిద్దరూ తల్లీ కొడుకుల్లా కనపడుతుంటే మనకి ఎక్కడా అనుమానం రాదు. అక్కడ గయ్యాళితనం మచ్చుకైనా లేదు, కొడుకుని చూసి మురిసిపోయే తల్లి ఉంది. 2010లో వచ్చిన రంగుల 'మాయాబజార్' చూసినవాళ్ళు కూడా ఆ సీన్లు మరోసారి చూడండి, ఈసారి ఆమె గొంతు కోసం.

ఎల్.వి. ప్రసాద్ గారి 'సంసారం' 1950లో వచ్చింది. గయ్యాళి అత్తగా ఆమెకి పేరు తెచ్చింది అదే. అప్పటికి పాతికేళ్ళు దాటాయి, అంతే. ఆ వయసులో ఏ నటికైనా హీరోయిన్ వేషాల మీద ఆశ ఉంటుంది. ఈమె అత్త వేషాన్ని పట్టుకుని దాన్ని దాదాపు నాలుగు దశాబ్దాలు తన పేరు మీద నిలబెట్టుకున్నారు. 'తోడికోడళ్ళు'లో రేలంగి గారి భార్యగా, 'వెలుగునీడలు'లో ఎస్వీఆర్ గారి భార్యగా, తర్వాత 'అందాల రాముడు', 'ముత్యాల ముగ్గు' దాకా ఎన్ని సినిమాలో! 1962కి వచ్చేసరికి గుండమ్మ ఎలాంటిదో చెప్పడానికి ప్రత్యేకంగా సీన్లు అక్కర్లేకపోయింది. ఆమె తెర మీదికి వస్తే చాలు, పన్నెండేళ్ళ సినిమాలు ఆమెతోపాటే వచ్చేవి.

ఆ ఎడమ చెయ్యి గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మాట అంటూ ఎడమ చెయ్యి తిప్పుతారు చూడండి, దాంట్లో ఒక లెక్క ఉంది. మాట కంటే అర క్షణం ముందే చెయ్యి లేస్తుంది. ఏదో రాబోతోందని ఎదుటి పాత్రకి, మనకి ఒకేసారి తెలిసిపోతుంది. తర్వాత వచ్చిన ఎంతోమంది ఆ చెయ్యిని అనుకరించారు. ఆ అర క్షణం మాత్రం ఎవరికీ పట్టుబడలేదు.

నాకు నిజంగా కోపం తెప్పించే విషయం ఏమిటంటే, ఆన్‌లైన్‌లో ఆమె పేరు వెతికితే ముందు వచ్చేవి ముక్కలు ముక్కలుగా కోసిన తిట్ల వీడియోలు. తిట్టు ఉంటుంది, దానికి ముందు ఆమె ఏం విన్నదో ఉండదు. తర్వాత ఎదుటివాడి మొహం ఉండదు. పైగా వెనక డప్పుల మ్యూజిక్ ఒకటి. ఇంకొందరు పాత ప్రింట్ చప్పుడు తీసేస్తామని సౌండ్‌ని ఎంతగా గీకేస్తారంటే ఆ గొణుగుడు మొత్తం చప్పుడుతోపాటే కొట్టుకుపోతుంది. పిల్లలకి ఆ పేరు పెట్టడానికి జనం జంకారన్న మాట కూడా ప్రతివాళ్ళూ చెబుతారు. చెప్పండి, తప్పులేదు. కానీ అక్కడితో ఆపేస్తే ఎలా? అదే మనిషి షూటింగ్‌కి ఇంటి నుంచి తినుబండారాలు తెచ్చి అందరికీ పెట్టేవారని ఆమెతో పనిచేసినవాళ్ళు ఎంతమంది చెప్పుకున్నారో! 1994లో ఆమె పోయారు. 2024తో నూరేళ్ళు నిండాయి. అలాంటి నటి మనకి తిట్ల వీడియోగా మిగలడం నాకు అస్సలు మింగుడు పడటం లేదు.

సరే, హెడ్‌ఫోన్స్. ఇంతకు ముందు నేను వాడిన జతలో బేస్ మరీ ఎక్కువ. కొత్త పాటలకి హుషారుగా ఉండేది. 'వెలుగునీడలు' పెడితే మాత్రం ఎస్వీఆర్ గారి గొంతు గదంతా నిండిపోయి, పక్కనున్న సూర్యకాంతం గారి మాట పీలగా అయిపోయేది. ఈ కొత్త జతలో ఆ ఇబ్బంది లేదు. ఆ కాలం సౌండ్ మోనో, రెండు చెవుల్లోనూ ఒకటే వస్తుంది. అందుకే ఇందులో ఉన్న ఆ 'సరౌండ్' మోడ్ మాత్రం ఆపేయండి. అది పెడితే మాటకి లేని ప్రతిధ్వని వచ్చి, ఆమె బావిలోంచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అది ఆపడానికి యాప్‌లో మూడు మెనూలు దాటాలి, పైగా ఛార్జింగ్ అయిపోయి మళ్ళీ ఆన్ చేస్తే దానంతట అదే తిరిగి వచ్చేస్తుంది. దీనికి ఒక బటన్ ఇవ్వండి బాబూ అని కంపెనీ వాళ్ళకి కూడా రాశాను.

మా అమ్మ చేత కూడా ఇవి పెట్టించాను. అమ్మ ఎప్పుడూ వంటింట్లోంచి పాత సినిమాలు వినడమే తప్ప కూర్చుని చూడదు. ఈసారి కూర్చుంది. నాకు తెలియని చోట నవ్వుతోంది. ఏంటమ్మా అంటే, "ఇక్కడ ఏదో అంటుందిరా, ఇన్నేళ్ళూ వినపడలేదు" అంది. ఆ ఒక్క మాటతో నా తీర్పు ఖాయమైంది. చెవి చుట్టూ ఉన్న మెత్త మన ఎండాకాలానికి చెమట పట్టిస్తుంది, రంగు కూడా నాకు నచ్చలేదు. అయినా పాత తెలుగు సినిమాలు చూసేవాళ్ళకి కొనమనే చెబుతాను. పాటలే ముఖ్యమైతే, జిమ్‌కి కావాలంటే ఇంతకంటే తక్కువ ధరలో మంచివి ఉన్నాయి, వాటిని తీసుకోండి.

కొన్నవాళ్ళు మొదట 'తోడికోడళ్ళు' పెట్టండి. సౌండ్ గీకేయని పూర్తి సినిమా దొరికిన చోట చూడండి, ముక్కలు వద్దు. రేలంగి గారితో ఆమె వేరు కాపురం సంగతి ఎత్తే చోట్ల వాల్యూమ్ రెండు గీతలు పెంచుకోండి.