ఫోన్‌లో వినిపించిన ఫిలిప్పీన్స్

శ్రోతలకు నమస్కారం.

మా అక్క కూతురు మనీలా శివార్లలో మెడిసిన్ చదివింది. మన తెలుగు ఊళ్ళ నుంచి డాక్టరు చదువుకు అటు వెళ్ళేవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి మీలో కొందరికి ఇది కొత్త సంగతి కాదు. అక్కడికీ ఇక్కడికీ టైములో రెండున్నర గంటల తేడా. మా అక్క తెల్లారగట్లే లేచి ఫోన్ కలిపేది. ఇక్కడ నాలుగున్నర, అక్కడ ఏడు. స్పీకర్ ఆన్ చేసి పెడితే అమ్మాయి మాటల కంటే దాని వెనకున్న వీధే ఎక్కువ వినబడేది. నేను ఆ దేశం వెళ్ళలేదు. నాకు ఫిలిప్పీన్స్ ముందు చెవుల్లోంచే వచ్చింది. మిగతాది దాన్ని అడిగీ, చదివీ తెలుసుకున్నాను.

రోజూ మొదట వినబడేది ఒక అరుపు. "తాహో... ఓ..." అని చివర బాగా సాగదీసి. అరిచే మనిషి భుజం మీద కావడి. రెండు వైపులా రెండు అల్యూమినియం బకెట్లు. ఒకదాంట్లో సోయా పాలు తోడుకునేలా చేసిన వేడి వేడి ముద్ద, జున్ను కన్నా మెత్తన. రెండోదాంట్లో పాకం, ఉడికించిన సగ్గుబియ్యం. పల్చటి గరిటెతో ఆ ముద్దను పైపైన పొరలుగా తీసి, ఊరిన నీళ్ళు వంపేసి, గ్లాసులో వేస్తాడు. పైన పాకం, ఆ పైన సగ్గుబియ్యం. నిద్రమొహాలతో పిల్లలు గ్లాసులు పట్టుకుని గుమ్మాల్లోంచి పరుగెత్తుకొస్తారు. సగ్గుబియ్యాన్ని వాళ్ళు 'సాగో' అంటారు. మలయ్ భాషలోని 'సాగు' అటు వాళ్ళ సాగో అయింది, ఇటు మన సగ్గుబియ్యంలో మొదటి సగమైంది.

ఆ ఫోన్లలో ఒకసారి పెద్ద గొడవే అయింది. అమ్మాయి ఇంటి ఓనరు పెద్దావిడతో మాట్లాడుతూ మాటకోసారి "పో, పో" అంటోంది. ఇక్కడ మా అక్క గుండె గుభేలుమంది. "పెద్దావిడను పట్టుకుని పో అంటావేమే!" అని అరిచింది. తీరా చూస్తే టగాలోగ్ భాషలో మన 'అండి' చేసే పని ఈ 'పో' చేస్తుందట. సలామత్ అంటే థాంక్స్, సలామత్ పో అంటే థాంక్సండి. జీప్నీలో, అంటే జీపును పొడుగు చేసినట్టుండే అక్కడి షేర్ బండిలో, వెనక కూర్చున్నవాళ్ళు చార్జీ డబ్బులు "బాయద్ పో" అంటూ ముందువాళ్ళకు అందిస్తారు. చేతులు మారి మారి అవి డ్రైవరుకు చేరతాయి, చిల్లర మళ్ళీ అదే దారిన వెనక్కి వస్తుంది. దిగాలంటే "పారా పో". మా అక్క ఆ రోజు నుంచి ఎవరినీ 'పో' అనడం మానేసింది, పిల్లిని తప్ప.

2019 వేసవిలో ఫోన్ వెనక పాటల హోరు మొదలైంది. పండగేమో అనుకున్నాం. కాదు, ఎన్నికలు. మే 13న పోలింగ్. వీధుల్లో బళ్ళు తిరుగుతూ, అందరికీ తెలిసిన హిట్ పాటల బాణీల్లో అభ్యర్థుల పేర్లు పాడుతున్నాయి. మన దగ్గరా పాటలు పెడతారు గానీ మనకు ఎన్నికలంటే ప్రధానంగా కంటితో పని. సైకిలు, చెయ్యి, కమలం, కారు, ఫ్యాను... గుర్తు కనబడితే చాలు. వాళ్ళ బ్యాలెట్‌లో గుర్తులుండవు. 2010లో లెక్కింపు యంత్రాలు వచ్చేదాకా ఖాళీ గీతల మీద అభ్యర్థుల పేర్లు ఓటరే స్వయంగా రాయాల్సి వచ్చేది. సెనేటర్లే పన్నెండు మంది, ఆ కింద ఊరి కౌన్సిలర్ల దాకా అదే కాగితం. పేరు చెవిలో గూడు కట్టుకుంటే తప్ప చేతిలోకి రాదు. అందుకే అక్కడ నాయకులకు పాట అంత అవసరమైందని నా ఊహ. అవార్డు పేరుగా మనకు తెలిసిన రామన్ మెగసెసే 1953లో అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడే 'మాంబో మెగసెసే' అనే పాట ఊరూరా మోగింది. దాన్ని కట్టిన రౌల్ మంగ్లాపుస్ తర్వాత విదేశాంగ మంత్రి కూడా అయ్యాడు. ఇప్పుడు పేర్లు, నంబర్లు అచ్చేసి ఇస్తున్నారు, పక్కనున్న గుండ్రాన్ని పెన్నుతో నింపితే చాలు. అయినా పాట మాత్రం పోలేదు.

పోలింగ్ బడుల్లోనే, నడిపేది టీచర్లే. టీచరును వాళ్ళు 'గురో' అంటారు, మన గురువే. మనకు సిరా ఎడమ చూపుడు వేలికి, వాళ్ళకు కుడి చూపుడు వేలికి. యంత్రం రశీదు కూడా ఇస్తుంది. కానీ చూసుకుని అక్కడే డబ్బాలో వేయాలి, ఇంటికి పట్టుకుపోకూడదు. పట్టుకుపోనిస్తే ఓటు కొన్నవాడికి రుజువు దొరుకుతుందని భయం. ఈ భయం ఎందుకో మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మే నెల అక్కడా మండే ఎండాకాలమే. మా అమ్మాయి ఉంటున్న ఇంటి ఎదురు బడిలో ఓటేసినవాళ్ళు నేరుగా పక్కనున్న హాలో-హాలో బండి దగ్గరికి వెళ్ళడం చూసిందట. హాలో-హాలో అంటే కలుపు, కలుపు అని. ఎత్తయిన గ్లాసులో తీపి చిక్కుడు గింజలు, అరటిపండు ముక్కలు, కొబ్బరి, పైన కోరిన ఐసు, పాలు, ఊదారంగు కంద ముద్ద, ఒక్కోచోట గుడ్డు పుడ్డింగు ముక్క. చిక్కుడు గింజలు ఐసులో ఏమిటని నేను మొహం చిట్లించాను. "పిన్నీ, తిన్నాక మాట్లాడు" అంది. నాకు నచ్చేది వేరే ఉందిలెండి, తురోన్. అరటిపండులో పనస తొన ముక్క పెట్టి, పల్చటి పిండి రేకులో చుట్టి, చక్కెరతో పాటు నూనెలో వేయించేది. పనసను వాళ్ళు 'లంకా' అంటారు, కోనసీమ వాళ్ళు గమనించాలి.

సాయంత్రం ఫోన్ చేస్తే వెనక 'వీడియోకే' హోరు, అంటే తెర మీద మాటలు చూస్తూ పాడే కరోకే. ఐదు పెసోల నాణెం వేస్తే ఒక పాట పాడుకోవచ్చు, పాట అయ్యాక మిషనే మార్కులు వేస్తుంది. కరోకే పుట్టింది జపాన్‌లోనే అంటారు గానీ, రోబెర్తో దెల్ రోసారియో అనే ఫిలిప్పీన్స్ ఆయన 1980లలో తన పాటల యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. ఈ పిచ్చి ఎంతదాకా వెళ్ళిందంటే, అమెరికా గాయకుడు సినాత్రా పాడిన 'మై వే' పాట పాడేటప్పుడు కొట్లాటలై ప్రాణాలు పోతున్నాయని కొన్ని బార్లలో ఆ పాటనే తీసేశారు. ఇళ్ళలో మాత్రం ఫ్రెడ్డీ అగిలార్ 1978లో పాడిన 'అనాక్' ఎప్పుడూ ఎవరో ఒకరు అందుకుంటారు. అనాక్ అంటే బిడ్డ. దారి తప్పిన బిడ్డను చూసి తల్లిదండ్రులు పడే బాధే ఆ పాట.

మా అమ్మాయి చదువు ముగించుకుని వచ్చేసి కొన్నేళ్ళయింది. మొన్న వంటింట్లో గిన్నెలు సర్దుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. ఏం పాటే అది అంటే నవ్వింది. 2019లో రోజుకు పదిసార్లు కిటికీ కింద నుంచి వెళ్ళిన బండి పాటట, ఎవరో కౌన్సిలర్ అభ్యర్థిది. ఆ మనిషి గెలిచాడో లేదో దానికి తెలియదు, మొహం కూడా గుర్తులేదు. పేరు మాత్రం ఇంటిపేరుతో సహా, బ్యాలెట్ నంబరుతో సహా, రాగం తప్పకుండా పాడి వినిపించింది.

సలామత్ పో.