పడుగులో మబ్బులు: ఉజ్బెకిస్తాన్ బజార్లలో చేతిపనిని చూసి కొనడం ఎలా

[దృశ్యం: తాష్కెంట్, చోర్సు మెట్రో స్టేషన్ మెట్లు. కెమెరా పైకి వస్తుంటే నీలం గుమ్మటం కొద్దికొద్దిగా కనబడుతుంది.]

తాష్కెంట్ పాత నగరంలో చోర్సు మెట్రో స్టేషన్ మెట్లెక్కి బయటికి రాగానే కంటికంటే ముందు ముక్కు మేలుకుంటుంది. జీలకర్ర, అప్పుడే తందూరు నుంచి తీసిన రొట్టె, మగ్గిన ఖర్బూజా. తలెత్తితే చోర్సు బజారు మీది ఈ నీలం గుమ్మటం. కట్టడం 1980 నాటిది, సంత మాత్రం అంతకంటే ఎంతో పాతది.

ఈ వీడియోలో ఉజ్బెకిస్తాన్ బజార్లన్నీ తిప్పి చూపించను. ఇంటికి తెచ్చుకోదగిన వస్తువును చేతిలోకి తీసుకుని, అది ఎలా తయారైందో చూసి తెలుసుకోవడం గురించి చెబుతాను. ఇక్కడ అసలైన చేతిపని, దాని అచ్చు నకలు ఒకే బల్ల మీద పక్కపక్కనే ఉంటాయి. మగ్గాన్ని దగ్గరగా చూసిన మన ఊళ్లవారికి ఆ తేడా పట్టుకోవడం కష్టమేమీ కాదు.

[దృశ్యం: గుమ్మటం లోపల, పై అంతస్తు. బాదం, పిస్తా, ఎండు ఆప్రికాట్ గుట్టలు. తూకం వేస్తున్న చేతులు.]

ముందు మాటల సంగతి. బజారు, దుకాణం, తరాజు, రుమాలు, బాదం, పిస్తా, కిస్‌మిస్. ఇవన్నీ ఇక్కడా చిన్న యాస తేడాతో వినబడతాయి. పారశీకం నుంచి మనకు వచ్చిన మాటలే వాళ్లకూ వచ్చాయి. ఒక్క చోట మాత్రం జాగ్రత్త. ఉజ్బెక్ భాషలో "అక" అంటే అన్న. అక్కను "ఒపా" అంటారు. పండ్లమ్మే పెద్దావిడను ప్రేమగా అక్కా అని పిలిస్తే ఆవిడ అయోమయంలో పడుతుంది. "ఒపా, కంచా తురాది?" అంటే "అక్కా, ఎంత?" అని. "రహ్మత్" అంటే కృతజ్ఞతలు. ఈ రెండు ముక్కలు చాలు, మొహాలు విచ్చుకుంటాయి.

డబ్బు సోముల్లో ఉంటుంది. ఒక రూపాయికి వందకు పైగా సోములు వస్తాయి కనుక ధర వినగానే గుండె జారుతుంది. రెండు లక్షల సోముల నోటు కూడా చలామణిలో ఉంది. అమ్మేవారు కాలిక్యులేటర్ మీద అంకె నొక్కి చూపిస్తారు, మీరూ మీ అంకె నొక్కి తిరిగి ఇవ్వవచ్చు. ఎండుఫలాల దగ్గర బేరం తక్కువ, రుచి చూడటం ఎక్కువ. ఒకటి నోట్లో వేసుకోకుండా కొంటే వాళ్లకే వింతగా ఉంటుంది. తెల్లటి ఉండలు కనిపిస్తే అవి మిఠాయి అనుకోకండి. అది కురుత్. పెరుగును వడగట్టి, ఉప్పు కలిపి, ఉండలు చేసి ఎండబెట్టినది. పక్కనే గాజు ముక్కల్లా మెరిసేది నవాత్, అంటే మన కలకండ.

[దృశ్యం: కొండల మధ్య రైలు. మార్గిలాన్ స్టేషన్. తరువాత మగ్గం మీద రంగురంగుల పడుగు.]

ఇక అసలు విషయం, బట్ట. దీని కోసం ఫెర్గానా లోయలోని మార్గిలాన్ దాకా వెళ్లాలి. తాష్కెంట్ నుంచి రైలుంది. కమ్చిక్ కనుమ కింద 19 కిలోమీటర్లకు పైగా సాగే సొరంగంతో 2016లో ఈ మార్గం తెరిచారు. మార్గిలాన్‌లో యోద్గోర్లిక్ పట్టు కర్మాగారం ఉంది. పట్టుకాయను వేడినీళ్లలో నానబెట్టి దారం లాగడం దగ్గర నుంచి మగ్గం దాకా అంతా అక్కడ కళ్లారా చూడవచ్చు.

ఈ పనిని వాళ్లు "అబ్ర్‌బంది" అంటారు. అబ్ర్ అంటే మబ్బు, బంది అంటే కట్టడం. మబ్బును కట్టడం! పోచంపల్లి, పుట్టపాక, చీరాల ప్రాంతాల నేతకారులకు ఈ పని వివరించనక్కరలేదు. నేయకముందే దారాన్ని కట్టలు కట్టి, రంగు అంటకూడని చోట గట్టిగా చుట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ చుట్టి, మరో రంగులో ముంచుతారు. మన దగ్గర చుట్టడానికి సైకిల్ ట్యూబు రబ్బరు పట్టీలు వాడతారు, అక్కడ అంటుకునే టేపు వాడటం చూస్తాం. అక్కడి నీలం రంగుకు కావలసిన నీలిమందు ఒకప్పుడు మన దేశం నుంచే వెళ్లేది. ఈ బట్టను చేతిలో పట్టుకున్న ప్రతిసారీ నాకు గుర్తొచ్చే సంగతి అదే.

[దృశ్యం: తెల్లని బల్ల మీద మూడు బట్టలు. ఎడమ పక్క అద్రస్, నడుమ అచ్చు వేసిన నకలు, కుడి పక్క తేలియా రుమాలు. కెమెరా చాలా దగ్గరగా.]

ఇప్పుడు అబ్ర్‌బంది పద్ధతిలో నేసిన ఈ అద్రస్ బట్టను దగ్గరగా చూడండి. పడుగు, అంటే నిలువు దారం, పట్టు. పేక, అంటే అడ్డదారం, నూలు. రంగు వేసినది పడుగుకు మాత్రమే. అందుకే ఈ ఎర్రటి దానిమ్మ బొమ్మ పైనా కిందా మాత్రమే చెదిరి, ఈకల్లా పొడవుగా సాగింది. పక్కల అంచు చూస్తే గీత గీసినట్టు నిటారుగా ఉంది. నేసేటప్పుడు దారాలు నిలువునే జరుగుతాయి కదా, మరి అడ్డంగా చెదరడానికి వీలెక్కడిది? కుడి పక్కనున్న మన తేలియా రుమాలులో పడుగుకూ పేకకూ కూడా ముందే రంగు వేస్తారు. దానిలో గళ్ల అంచులు నాలుగు వైపులా మెత్తగా కరిగినట్టు ఉంటాయి.

మరి నడుమనున్నది? దూరం నుంచి అచ్చం అద్రస్ లాగే ఉంది. అంచు నుంచి అడ్డదారం, అంటే ఒక పేక పోగు లాగి చూద్దాం. చూశారా, తెలుపు, ఎరుపు, తెలుపు, నీలం. అద్రస్ పేక మొదటి నుంచి చివరి దాకా ఒకే రంగులో ఉండాలి. మచ్చలు పడ్డాయంటే నేసిన తరువాత పైన రంగు అచ్చు వేశారన్నమాట. బట్టను తిరగేయండి, అచ్చుబట్ట వెనుక వెలిసిపోయినట్టు ఉంటుంది. అసలైన అద్రస్ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది.

పట్టు అవునా కాదా అన్న అనుమానం వస్తే మనింట్లో పెద్దవాళ్లు చేసే పరీక్షే ఇక్కడా పనికొస్తుంది. ఒక పడుగు పోగును కాల్చితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగలాలి. కరిగి గట్టి పూసలా మారితే అది పట్టు కాదు. చాలామంది దుకాణదారులు అడిగితే వాళ్లే చేసి చూపిస్తారు. పడుగూ పేకా రెండూ పట్టయితే దాన్ని అత్లస్ అంటారు. అది సాటిన్ నేత, ఒక వైపు ఎక్కువ మెరుస్తుంది. అందుకని రెండు వైపులూ ఒకేలా ఉండాలన్న గుర్తు దానికి వర్తించదు. ఇంకో సంగతి, చేతి మగ్గం బట్ట పన్నా తక్కువ. సల్వార్ కమీజ్ కుట్టించుకోవాలంటే మీటర్లు ఎక్కువ తీసుకోవాలి.

సోవియట్ కాలంలో ఈ పద్ధతులు చాలావరకు మరుగున పడ్డాయి. వాటిని నిలబెట్టినందుకే మార్గిలాన్ చేతివృత్తుల కేంద్రం 2017లో యునెస్కో వారి ఉత్తమ పరిరక్షణ విధానాల జాబితాలో చేరింది. గురువారం గానీ ఆదివారం గానీ మార్గిలాన్‌లో ఉంటే కుమ్తెపా సంతకు వెళ్లండి. అక్కడ కొనేవారిలో ఎక్కువమంది స్థానిక ఆడవాళ్లే. పెళ్లికి బట్ట తీసుకునే అమ్మ, అత్తల పక్కన నిలబడి, వాళ్లు వేళ్లతో నలిపి చూసే తీరు గమనిస్తే చాలు.

[దృశ్యం: బుఖారా. ఇటుక గుమ్మటాల కింద నీడ. గోడకు వేలాడదీసిన సుజానీ.]

బుఖారాలో బజారు గుమ్మటాల కింద ఉంటుంది. 16వ శతాబ్దంలో దారులు కలిసే కూడళ్ల మీద కట్టినవి ఇవి. ఒకటి నగల వర్తకులది, ఒకటి టోపీలు అమ్మేవారిది. ఇంకొకటి తోకి సర్రాఫాన్, డబ్బు మార్చేవారి గుమ్మటం. మనం షరాబు అంటామే, ఆ మాటకూ ఈ సర్రాఫ్‌కూ మూలం ఒక్కటే. ముల్తాన్ నుంచి వచ్చిన హిందూ వర్తకులు ఈ నగరంలో వడ్డీ వ్యాపారం చేసిన చరిత్ర కూడా ఉంది.

ఇక్కడ చూడవలసినది సుజానీ. పారశీకంలో సుజన్ అంటే సూది. ఆడపిల్ల పెళ్లి కోసం ఇంటి ఆడవాళ్లంతా కలిసి కుట్టే పెద్ద కుట్టుపని ఇది. ముందుగా సన్నని బట్ట పీలికలను వదులుగా కలిపి కుట్టి, దాని మీద బొమ్మ గీయిస్తారు. తరువాత పీలికలు విడదీసి తలా ఒకటి తీసుకుని కుడతారు. అన్నీ అయ్యాక మళ్లీ కలుపుతారు. దగ్గరగా చూస్తే అతుకు దగ్గర ఈ పువ్వు సగం కొంచెం పైకి జరిగింది, ఎరుపు కూడా కాస్త ముదిరింది. అది లోపం కాదు. ఈ పక్క సగం ఒకరి చెయ్యి, ఆ పక్క సగం మరొకరి చెయ్యి. ఎక్కడో ఓ ఆకును కావాలనే కుట్టకుండా వదిలేసే ఆచారమూ ఉంది. వెనక్కి తిప్పితే యంత్రపు కుట్టు ఒకే కొలతతో బారుగా సాగిపోతుంది, చేతి కుట్టులో ముడులు, దాట్లు కనిపిస్తాయి. నాకైతే సుజానీ వెనుక వైపే ఎక్కువ ఇష్టం.

బుఖారా కమ్మరులు చేసే కొంగ ఆకారపు కత్తెరలు కూడా బాగుంటాయి, చక్కగా తెగుతాయి. కత్తెరైనా, చుస్త్ ఊరి కత్తి అయినా విమానంలో చేతి సంచిలో పెట్టకండి. యాభై ఏళ్లు దాటిన పాత వస్తువును దేశం దాటించాలంటే అనుమతి పత్రం కావాలి. పాత సుజానీ, పాత తివాచీ అని చెప్పి అమ్మితే ఆ కాగితం గురించి ముందే అడగండి.

[దృశ్యం: నీలం, తెలుపు, బంగారు గీతల టీ కూజా. పియాలాలో టీ పోస్తున్నారు.]

మట్టి పాత్రల్లో రిష్తాన్ వారి నీలి పచ్చ పళ్లేలకు పేరెక్కువ. ఎడారి మొక్కల బూడిదతో చేసే ఇష్కోర్ పూత వల్ల ఆ మెరుపు వస్తుంది. గిజ్దువాన్‌వి గోధుమ, పసుపు రంగుల్లో ఉంటాయి. అయినా చోర్సులో గిన్నెలు, పళ్లేలు అమ్మే వరుసలో దొరికే ఈ ముదురు నీలం టీ సెట్టుకే నా ఓటు. దీని మీద ఉన్నది పువ్వు కాదు, విచ్చిన పత్తికాయ. ఇది కర్మాగారంలో తయారైనదే, చేతిపని కానే కాదు. కానీ ఇక్కడ ఏ ఇంటికి వెళ్లినా దీనిలోనే టీ ఇస్తారు. మొదట పియాలాలో పోసి, దాన్ని తిరిగి కూజాలో పోసి, అలా మూడుసార్లు చేశాకే అతిథికి ఇస్తారు. నిండుగా పోస్తే త్వరగా వెళ్లమన్నట్టు. సగమే పోశారంటే మళ్లీ మళ్లీ పోస్తామని మర్యాద.

[దృశ్యం: సమర్‌కంద్, సియాబ్ బజారు. వెనుక బీబీ ఖానుమ్ మసీదు గుమ్మటం. రొట్టెల వరుస.]

సమర్‌కంద్, బుఖారాల్లో వైద్యం చదివే తెలుగు పిల్లలు ఉన్నారు. మీ బంధువుల పిల్లలెవరైనా ఉంటే బజారుకు వెంట రమ్మనండి, బేరానికి సరిపడా భాష వాళ్లకు వచ్చి ఉంటుంది. సియాబ్ బజారులో చివరగా కొనేది రొట్టె. సమర్‌కంద్ నాన్ బరువుగా, నిగనిగలాడుతూ ఉంటుంది, చాలా రోజులు నిలవ ఉంటుంది. బల్ల మీద దాన్ని బోర్లా పెట్టకూడదు.

రొట్టె నడుమ ఈ చుక్కల పువ్వు చెకిచ్ అనే అచ్చుతో పడుతుంది. చెక్క పిడికి ఇనుప ముళ్లు బిగించిన చిన్న పనిముట్టు. సంచిలో ఓ మూలన పడి ఉంటుంది, ధర కూడా తక్కువే. మనం పుల్కా పొంగాలని చూస్తాం, వాళ్లు రొట్టె నడిమి భాగం పొంగకూడదని దీనితో పొడుస్తారు. నేను రెండు తీసుకున్నాను, ఒకటి మా అమ్మకు.

[దృశ్యం: పిండి ముద్ద మీద చెకిచ్ పడుతుంది. లేవగానే చుక్కల పువ్వు.]