నాలుగో బిడ్డ కనురెప్ప: ద్వీపాల్లో ట్రకోమా లెక్కలపై చర్చ

(విశాఖపట్నం స్టూడియోలో జరిగిన చర్చకు ఇది పూర్తి పాఠం. ఒకరి మాటకు మరొకరు అడ్డుపడిన చోట్లను, ఒకే మాట మళ్లీ మళ్లీ వచ్చిన చోట్లను సవరించకుండా అలాగే ఉంచాం.)

వ్యాఖ్యాత: నమస్కారం. ట్రకోమా అనే కంటి జబ్బు ఇక మన దేశంలో ప్రజారోగ్య సమస్య కాదని 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. ఆగ్నేయాసియా ప్రాంతంలో నేపాల్, మయన్మార్‌ల తరువాత ఈ గుర్తింపు పొందిన మూడో దేశం మనది. అయితే ఈ మాట ద్వీపాల్లో ఉండేవారికి ఎంతవరకు వర్తిస్తుంది, కొన్ని వందల మంది మాత్రమే ఉండే ఊళ్లలో జబ్బు వ్యాప్తిని అసలు ఎలా కొలుస్తారు అన్న వాదన నగరంలో గట్టిగానే నడుస్తోంది. మన రేవు నుంచే అండమాన్‌కు ఓడలు వెళతాయి, శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలూ చాలా ఉన్నాయి. అందుకే నా మొదటి ప్రశ్న ఇది. ఓడ దిగి వచ్చేవారికి మన రేవులో కంటి పరీక్ష ఎందుకు జరగడం లేదు? ఈరోజు ముగ్గురికీ సమాన సమయం ఇస్తాను. ముందుగా డాక్టరు గారు.

నేత్ర వైద్యురాలు: ధన్యవాదాలండీ. రేవు సంగతికి ముందు, ఏది కొలుస్తున్నామో చెప్పాలి. ట్రకోమా ఒక బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు. పిల్లల కళ్ల పుసి ద్వారా, తల్లి చీర కొంగు ద్వారా, అందరూ వాడే తువ్వాలు ద్వారా, ఈగల ద్వారా అది ఇంట్లో ఒకరి నుంచి మరొకరికి చేరుతుంది. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ సోకితే పై రెప్ప లోపల మచ్చ కట్టి, రెప్ప లోపలికి ముడుచుకుంటుంది, అప్పుడు రెప్ప వెంట్రుకలు నల్లగుడ్డును గీరుతూ చివరకు చూపు పోగొడతాయి. కాబట్టి సర్వేలో రెండు లెక్కలు ఉంటాయి. ఒకటి నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో రెప్ప లోపలి బుడిపెలు ఎందరికి ఉన్నాయన్నది ఒకటి, పదిహేనేళ్లు దాటినవారిలో వెంట్రుకలు లోపలికి తిరిగినవారు ఎందరన్నది రెండోది. మొదటిది 5 శాతం కంటే తక్కువ ఉండాలి, రెండోది, ఆరోగ్య వ్యవస్థ దృష్టికి ఇంకా రానివారి వరకు, 0.2 శాతం కంటే తక్కువ...

గణాంక ఆచార్యుడు: ఇక్కడే నేను ఆపాలి, క్షమించండి. ఈ 5 శాతం దేనిలో 5 శాతం అని ఎవరూ అడగరు. లక్ష నుంచి రెండున్నర లక్షల జనాభాను ఒక యూనిట్‌గా తీసుకొని, అందులో ఇరవై ముప్పై ఊళ్లను ఎంపిక చేసి, ఊరికి ముప్పై ఇళ్ల చొప్పున చూడడం ఈ సర్వేల మామూలు పద్ధతి. నికోబార్ జిల్లా మొత్తం జనాభా 2011 లెక్కల ప్రకారం సుమారు 37 వేలు. అంటే జిల్లా అంతా కలిపినా సగం యూనిట్‌కు కూడా చాలదు. మైదానాల కోసం కుట్టిన చొక్కాను ద్వీపానికి తొడుగుతున్నారు.

నేత్ర వైద్యురాలు: ఆ సంగతి సర్వే చేసేవారికి తెలుసండీ, అందుకే చిన్న ద్వీపాల్లో...

గణాంక ఆచార్యుడు: నన్ను పూర్తి చేయనివ్వండి. నాలుగు వందల మంది ఉన్న ఒక దీవిని ఊహించుకోండి. అందులో ఒకటి నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు ఎనభై మంది ఉన్నారనుకుందాం. ముగ్గురికి బుడిపెలు కనిపిస్తే 3.75 శాతం, జబ్బు అదుపులో ఉన్నట్టు. నలుగురికి కనిపిస్తే సరిగ్గా 5 శాతం, హద్దు దాటినట్టు. ఆ నాలుగో బిడ్డ ఆరోజు అమ్మమ్మ ఊరికి వెళ్లి ఉంటే దీవికి మందు రాదు, ఇంట్లో ఉంటే దీవి మొత్తానికి మందు వస్తుంది. ఒక జనసమూహం భవిష్యత్తు ఒక బిడ్డ కనురెప్ప మీద ఆధారపడుతుంటే దాన్ని శాస్త్రం అనగలమా?

వ్యాఖ్యాత: ఆ బిడ్డ ఓడెక్కి విశాఖ వచ్చి ఉంటే? రేవులో పరీక్ష...

నేత్ర వైద్యురాలు: నన్ను జవాబు చెప్పనివ్వండి. చిన్న ద్వీపంలో నమూనా తీయరు, అందరినీ చూస్తారు. నికోబార్ దీవుల్లో ఒకటైన కార్ నికోబార్‌లో 2013లో ఇంటింటి సర్వే చేశారు. ఊళ్లు తిరిగి, పిల్లలనూ పెద్దలనూ పరీక్షించారు. అందరినీ చూసినప్పుడు నమూనా వల్ల వచ్చే పొరపాటు ఉండదు. మిగిలేది చూసే కంటి పొరపాటు, ఇంట్లో లేనివారి పొరపాటు.

గణాంక ఆచార్యుడు: సరిగ్గా అదే నా వాదన! ఆ అంకెలు మీరే చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెబుతాను. 2010లో అక్కడ చేసిన త్వరిత అంచనాలో పిల్లల్లో సగం మందికి, అంటే 50.8 శాతానికి, క్రియాశీల ట్రకోమా, అంటే ఇంకా నడుస్తున్న జబ్బు, కనిపించింది. మూడేళ్లు వరుసగా ఊరందరికీ అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఇచ్చిన తరువాత 2013లో అది 6.8 శాతానికి దిగింది. ఇది గొప్ప విజయమే, నేను కాదనను. కానీ 6.8 అంటే 5 కంటే ఎక్కువే కదా. పెద్దల్లో వెంట్రుకలు లోపలికి తిరిగినవారు 3.9 శాతం. హద్దు 0.2 అని మీరే చెప్పారు. దాదాపు ఇరవై రెట్లు! మరోవైపు, 2014 నుంచి 2017 వరకు 27 జిల్లాల్లో చేసిన జాతీయ సర్వేలో క్రియాశీల జబ్బు 0.7 శాతమే అని ప్రకటించారు. మైదానాల సగటులో ద్వీపం మునిగిపోయింది.

నేత్ర వైద్యురాలు: రెండు విషయాలు కలిపేస్తున్నారు, మాస్టారూ. 2013 నాటి అంకెను ఈనాటి అంకెగా చెప్పడం సరికాదు. ముసలివారి రెప్పల మచ్చ వారి చిన్నతనంలో సోకిన జబ్బుకు గుర్తు, ఇప్పుడు జబ్బు వ్యాపిస్తోందనడానికి అది సాక్ష్యం కాదు. ఆ పెద్దలకు కావలసింది శస్త్రచికిత్స. ఇంకో మాట. 2010లో చేసిన త్వరిత అంచనా ప్రమాదం ఎక్కువ అనిపించిన చోట్లను వెతికి చూసే పద్ధతి. దాన్ని ఇంటింటి సర్వే పక్కన పెట్టి, ఇంత నుంచి ఇంతకు దిగిందని గీత గీయకూడదు. గణాంకాలు బోధించే మీరు ఈ తేడాను...

గణాంక ఆచార్యుడు: తేడా నాకు తెలుసు! కానీ సగటు అబద్ధం చెబుతుందన్న నా మాట మారదు.

వ్యాఖ్యాత: అమ్మా, మీరు కార్ నికోబార్‌లో పదకొండేళ్లు పాఠాలు చెప్పారు. మీరు ఓడలో వచ్చిన ప్రతిసారీ ఎవరైనా మీ కళ్లు చూశారా?

విశ్రాంత ఉపాధ్యాయురాలు: లేదు బాబూ. కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు. మా బడి పక్కన ఒక పెద్దామె ఉండేది. పొద్దున్నే ఎండ పడే చోట కూర్చుని, మనవరాలి చేత చిన్న పట్టకారుతో తన రెప్ప వెంట్రుకలు ఒక్కొక్కటిగా పీకించుకునేది. ఆ పిల్లకు పదేళ్లుంటాయేమో. వెంట్రుక వచ్చాక దాన్ని తన బొటనవేలి గోరు మీద పెట్టి అవ్వకు చూపించేది, అవ్వ తలూపితే తరువాతి వెంట్రుక. మళ్లీ మొలిచాక మళ్లీ పీకాలి. ఆమెను చూసేదాకా కంట్లో వెంట్రుక ఇంత కష్టమని నాకు తెలియదు. అక్కడ ఇల్లు అంటే మన ఇల్లు కాదు. తుహెత్ అంటారు, అన్నదమ్ముల కుటుంబాలన్నీ కలిసిన పెద్ద ఉమ్మడి కుటుంబం. 2004 సునామీ తరువాత తీరం ఊళ్లు లోపలికి జరిగాయి, ఇళ్ల తీరు మారింది. మీరు ఊరికి ముప్పై ఇళ్లు అన్నారు. అక్కడ ఒక ఇల్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో...

గణాంక ఆచార్యుడు: చూశారా! ఇల్లు అన్న యూనిట్ కూడా తప్పే. నమూనా తప్పు, హద్దు తప్పు, యూనిట్ తప్పు.

విశ్రాంత ఉపాధ్యాయురాలు: నేను తప్పు అనలేదండీ, ముందు వాళ్లను అడగండి అంటున్నాను...

గణాంక ఆచార్యుడు: అదే, అదే నేను అంటున్నదీ.

(ఆచార్యుడు అన్నది అది కాదు. ఉపాధ్యాయురాలి మాట ఇక్కడితో ఆగిపోయింది. మళ్లీ అందుకోనివ్వవలసింది.)

నేత్ర వైద్యురాలు: అసలు సమస్య నమూనా ఒక్కటే కాదు, గుర్తుకూ క్రిమికీ మధ్య ఉన్న దూరం. సర్వేలో పై రెప్పను తిరగేసి, రెండున్నర రెట్లు పెద్దగా చూపే భూతద్దాన్ని కళ్లకు తగిలించుకొని, ఎండలోనో టార్చి వెలుగులోనో చూస్తాం. ఉడికిన సగ్గుబియ్యంలాంటి తెల్లని బుడిపెలు, ఒక్కొక్కటి అర మిల్లీమీటరుకు తగ్గకుండా, రెప్ప మధ్య భాగంలో అయిదో అంతకంటే ఎక్కువో ఉండాలి. నాలుగుంటే లేనట్టే. ఈ లెక్క తెలియడానికి శిక్షణ ఇస్తారు, అనుభవం ఉన్నవారితో పోల్చి పరీక్ష పెడతారు, అందులో తప్పినవారిని సర్వేకు పంపరు. ఇంత జాగ్రత్త తీసుకున్నా బుడిపెలు చెప్పేది బుడిపెల సంగతే. సోలమన్ దీవుల్లో పిల్లల్లో సుమారు 26 శాతానికి బుడిపెలు ఉన్నాయి, అదే పిల్లల రెప్పల నుంచి నమూనాలు తీసి ప్రయోగశాలలో చూస్తే ట్రకోమా క్రిమి దొరికింది 1.3 శాతంలో మాత్రమే. పెద్దల్లో వెంట్రుకలు తిరిగిన కేసులూ తక్కువే. అదే పసిఫిక్‌లోని కిరిబాటిలో మాత్రం బుడిపెలూ ఉన్నాయి, క్రిమీ ఉంది. ఒకే సముద్రం, ఒకే పరీక్ష, రెండు వేర్వేరు కథలు. కాబట్టి ద్వీపాల్లో...

వ్యాఖ్యాత: అంటే మనవాళ్లకు పనికిరాని మందు ఇచ్చారా?

నేత్ర వైద్యురాలు: నేను అలా అనలేదు. కార్ నికోబార్‌లో మచ్చలున్నాయి, వెంట్రుకలు తిరిగినవారున్నారు, అంటే అక్కడ అసలు ట్రకోమా తరాలుగా ఉంది. అక్కడ మందు అవసరమే. కానీ ప్రతి ద్వీపంలోనూ బుడిపెల లెక్క ఒక్కదాని మీదే నిర్ణయం తీసుకోకుండా, క్రిమి పరీక్ష కూడా...

గణాంక ఆచార్యుడు: బాగుంది! చూసే పరీక్షనే నమ్మలేమని డాక్టరు గారే ఒప్పుకున్నారు. మరి దాని మీద కట్టిన ప్రకటన సంగతేమిటి?

నేత్ర వైద్యురాలు: ఒప్పుకోలేదండీ. చూసే పరీక్ష సరైన చోట సరిగానే పనిచేస్తుంది. జబ్బు అరుదైనకొద్దీ దాని మీద ఆధారపడడం కష్టమవుతుందని మాత్రమే అన్నాను. శిక్షణ ఇవ్వడానికి కూడా రోగులు దొరకని స్థితి వస్తుంది, అది మంచి స్థితే...

గణాంక ఆచార్యుడు: అయినా లెక్క కుదరదు. ఎనభై మంది పిల్లలు, నలుగురు...

వ్యాఖ్యాత: మాస్టారూ, ఓడ విషయం. మీరైనా చెప్పండి, రేవులో పరీక్ష పెడితే తప్పేమిటి?

గణాంక ఆచార్యుడు: తప్పేమీ లేదు. లెక్కలు ఎంత పెరిగితే అంత మంచిది.

నేత్ర వైద్యురాలు: తప్పే. ఈ జబ్బు రెండు మూడు రోజుల ఓడ ప్రయాణంలో అంటుకొని ఊరంతా పాకేది కాదు, ఒక ఇంట్లో ఏళ్ల తరబడి కలిసి ఉన్నవారిలో తిరిగేది. ఓడలో వచ్చేది ఎక్కువగా పెద్దలు, క్రియాశీల జబ్బు ఎక్కువగా చిన్నపిల్లలది. ఓడ దిగే మెట్ల దగ్గర మనిషిని ఆపి రెప్ప తిరగేస్తే మనకు వ్యాప్తి రేటు రాదు, ఎందుకంటే ఓడెక్కినవారు ఆ దీవికి నమూనా కారు. మనకు మిగిలేది వాళ్ల మీద ఒక ముద్ర మాత్రమే. దయచేసి ఆ మాట వదిలేయండి.

వ్యాఖ్యాత: కానీ ప్రేక్షకుల్లో భయం ఉంది కదండీ.

విశ్రాంత ఉపాధ్యాయురాలు: ఆ భయం ఈ గంటలో మనం పుట్టించిందే బాబూ.

(కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఇద్దరు ఒకేసారి మాట్లాడడంతో ఒక వాక్యం వినబడలేదు.)

గణాంక ఆచార్యుడు: ...వనువాటునే చూడండి, చిన్న చిన్న దీవుల దేశం, 2022లో ఇదే గుర్తింపు తెచ్చుకుంది. వాళ్లు చేయగలిగింది మనం చేయలేమా? ప్రతి దీవికీ విడిగా అంకె ప్రకటించాలి. అంతే.

నేత్ర వైద్యురాలు: విడి అంకె ఇచ్చిన మరుక్షణమే మీ నాలుగో బిడ్డ సమస్య వస్తుంది, మాస్టారూ! చిన్న దీవికి విడి అంకె ఇస్తే అది ఊగిసలాడుతుంది, పెద్ద యూనిట్‌లో కలిపితే మునిగిపోతుంది. మీరు మొదట చెప్పినదానికీ ఇప్పుడు చెబుతున్నదానికీ...

వ్యాఖ్యాత: సమయం అయిపోతోంది. ఆచార్యులు గారు, చివరి మాట మీదే. అరనిమిషం.

గణాంక ఆచార్యుడు: నేను మొదటి నుంచి ఒకటే చెబుతున్నాను. సగటు అబద్ధం చెబుతుంది. ప్రతి దీవికీ విడి అంకె కావాలి.

వ్యాఖ్యాత: చాలా స్పష్టంగా చెప్పారు. అయితే చర్చలో తేలిందేమిటంటే, ద్వీపాల లెక్కలు సరిగా లేవు, రేవులో పరీక్ష గురించి ఆలోచించాలి...

నేత్ర వైద్యురాలు: అలా తేలలేదండీ.

విశ్రాంత ఉపాధ్యాయురాలు: బాబూ, ఒక్కటే అడుగుతాను. ఇల్లంటే ఏదో, తమ పిల్లల్లో ఎవరిని ఎప్పుడు చూడాలో ఆ దీవివాళ్లను అడగకుండా ఈ లెక్క ఎలా...

వ్యాఖ్యాత: మళ్లీ కలుద్దాం, నమస్కారం.