పొట్ట సంగతి అడిగితే పేట పేరు చెప్పింది

సభకు నమస్కారం. బరంపురంలో తెలుగువారి మధ్య, తెలుగులో, ఆరోగ్యం గురించి మాట్లాడమని పిలిచిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. నా వైద్యవృత్తిలో ఎక్కువ భాగం ఒడియాలోనే సాగింది. అందువల్ల జరిగిన ఒక పొరపాటుతోనే ఈ ప్రసంగం మొదలుపెడతాను.

ఒడియాలో ‘పేటొ’ అంటే పొట్ట. మనకు పేట అంటే ఊళ్ళో ఒక భాగం. నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో ఒక ముసలమ్మ విరేచనాలతో నీరసించి వచ్చింది. ఆ రద్దీలో ఆమె తెలుగావిడన్న సంగతి గమనించక, “పేటొ కెమితి ఒఛి?” అని అడిగాను. ఆమె నా అమాయకత్వానికి జాలిపడుతున్నట్టు చూసి, తన పేట పేరు, అందులో ఏ కాలవ పక్కన, ఏ గుడి వెనక తన ఇల్లు ఉందో, ఓపిగ్గా చెప్పుకొచ్చింది. నర్సు నవ్వింది, నేనూ నవ్వాను, మాత్రలు రాసి పంపేశాను. నెల తిరక్కుండానే ఆమె అదే బాధతో, ఈసారి మనవణ్ణి కూడా చంకనెత్తుకుని, మళ్ళీ వచ్చింది. నేను అడగవలసిన ప్రశ్నకు ఆమె మొదటిసారే జవాబు చెప్పిందని అప్పుడు గాని నాకు తట్టలేదు.

తరవాత ఒక రోజు ఆ పేటకు వెళ్ళాను. కొళాయి గొట్టం మురుగు కాలవలోంచే పోతోంది. నీళ్ళు కాసేపు వచ్చి ఆగిపోగానే గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. అంతవరకు మంచినీరు బయటికి కారిన తుప్పు అతుకుల్లోంచే, ఇప్పుడు బయటి మురుగు లోపలికి చేరుతుంది. మర్నాడు కొళాయి విప్పగానే మొదటి బిందెలో పడేది అదే. ఆ మొదటి బిందె ఎవరిది? అందరికన్నా ముందు లేచి వరసలో నిలబడే ముసలమ్మది. నేను రాసిన మందు మంచిదే, కాని అది గొట్టం అతుకును పూడ్చలేదు కదా.

1854లో లండన్‌లో కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు ఇంతకన్నా తెలివిగా ప్రవర్తించాడు. చనిపోయినవారి ఇళ్ళు ఎక్కడున్నాయో వాకబు చేసి, అవి చాలావరకు బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతిపంపు చుట్టూనే గుమిగూడి ఉన్నాయని చూపించి, ఆ పంపు పిడిని తీయించాడు; తరవాత ఆ ఇళ్ళను పటం మీద గుర్తుపెట్టి ప్రచురించాడు. కలరా సూక్ష్మజీవిని వైద్యలోకం ఒప్పుకోవడానికి చాలా ఏళ్ళ ముందు మాట ఇది. క్రిమి తెలియకపోయినా చిరునామా తెలిస్తే ఎంత పని జరుగుతుందో చూడండి.

ఆరోగ్యాన్ని నిర్ణయించే అంశాలను వ్యక్తిగతం, సామాజికం, పరిసరాలకు చెందినవి అని మూడుగా విభజించి పాఠ్యపుస్తకాలు చెబుతాయి. పరీక్ష రాయడానికి ఆ విభజన బాగానే ఉంటుంది. మనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏది ఎక్కడ ఆగి ఏది ఎక్కడ మొదలైందో విడదీయడం కష్టం. నెత్తురుకన్నా వ్యక్తిగతమైనది ఇంకేముంటుంది? కోరాపుట్, రాయగడ కొండల్లో సికిల్ సెల్ జబ్బు, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు, తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు వస్తుంది. కాని ఆ జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వచ్చినవారికి మలేరియా వచ్చినా ప్రాణాంతకం కావడం తక్కువ. అందుకే తరతరాలుగా మలేరియా ఉన్న చోట్ల ఆ జన్యువు నిలిచిపోయింది. మలేరియాకూ ఇలాంటి రక్తదోషాలకూ సంబంధం ఉండవచ్చని 1949లో ఊహించిన జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ తన చివరి రోజులు మన భువనేశ్వర్‌లోనే గడిపి, 1964లో అక్కడే కన్నుమూశాడు. సికిల్ సెల్ విషయంలో ఆ సంబంధాన్ని 1954లో ఆలిసన్ అనే పరిశోధకుడు నిరూపించాడు. అంటే కొండవాగులో పెరిగే దోమ మనిషి నెత్తురులో తన గుర్తు రాసి పోయిందన్నమాట.

దోమ మాట వచ్చింది కనుక, అన్ని దోమలకూ ఒకే మందు కొట్టే అలవాటు గురించి కూడా చెప్పాలి. బోదకాలు తెచ్చే దోమ మురుగునీటిలో పెరుగుతుంది. డెంగీ దోమకు ఇంట్లో నిలవపెట్టిన శుభ్రమైన నీళ్ళు చాలు. కొళాయి రోజూ రాని వీధిలో ఇల్లాలు డ్రమ్ములు, గోళాలు నింపిపెట్టుకోవడం బాధ్యతారాహిత్యం కాదు, గత్యంతరం లేక చేసే పని. వారానికోసారి నీళ్ళు పారబోయండి అని మేము చెప్పే సలహా కూడా సగమే. ఆ దోమ గుడ్లు నీటిమట్టానికి కాస్త పైన డ్రమ్ము గోడకు అంటుకుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్ళీ నీళ్ళు తగిలితే పిల్లలవుతాయి. కనుక డ్రమ్మును పీచుతో గట్టిగా తోమాలి, మూతలేనిదానికి పాత చీర రెండు మడతలు వేసి తాడుతో బిగించి కట్టాలి.

ఇక అలవాట్లు. “ఆవిడే కాల్చుకుంది, ఆవిడే తెచ్చుకుంది” అనే మాట ఆసుపత్రుల్లో తరచు వింటాం. శ్రీకాకుళం నుంచి గంజాం దాకా ఈ తీరపు పల్లెల్లో కొందరు ఆడవాళ్ళు చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తారు. మామూలుగా పొగతాగేవారిలో అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సరు వీరిలో కనిపించడానికి కారణం ఆ వేడి, ఆ పొగ నేరుగా అక్కడ తగలడమే. కాని ఆ అలవాటు వారు ఎక్కడ నేర్చుకున్నారు? అమ్మమ్మ దగ్గర, అత్త దగ్గర, చేపల బుట్ట దించుకుని నలుగురూ కూర్చున్న చోట. సముద్రపు గాలికి నిప్పు ఆరిపోదని కూడా చెబుతారు. పదిమంది మధ్య నేర్చిన అలవాటును ఒక్కదాన్ని కూర్చోబెట్టి మందలిస్తే మానిపించలేమని నా అనుభవం. నలుగురినీ కలిపి కూర్చోబెట్టి, అద్దం ఇచ్చి, ఎవరి అంగిలి వారే చూసుకోమన్నప్పుడు మానినవారు ఉన్నారు.

ఎండ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. 1998 వేసవిలో ఒడిశాలో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా చనిపోయారు. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. వడగాడ్పుల రోజుల్లో పదకొండు నుంచి మూడు గంటల దాకా ఆరుబయట కూలిపని చేయించరాదన్న ప్రభుత్వ ఉత్తర్వు మంచిదే. కాని ఆ నాలుగు గంటల కూలి ఎవరిస్తారన్న మాట ఉత్తర్వులో లేకపోతే, మేస్త్రీ, కూలీ ఇద్దరూ దాన్ని చూడనట్టే నటిస్తారు. దానికి తోడు రక్తపోటుకు నీరు పోయే మాత్రలు వాడే పెద్దవారికి ఈ ఎండలో ప్రమాదం మరీ ఎక్కువ. అలాంటివారు వేసవి రాగానే మోతాదు గురించి తమ డాక్టరును అడిగి తీరాలి. పొరుగున ఇచ్ఛాపురం, కవిటి, సోంపేటల్లో షుగరు, బీపీ లేని రైతుకూలీలకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. దానికి ఒకే కారణమని శాస్త్రం ఇంకా తేల్చలేదు. అయినా హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా ఆ ప్రాంతానికి తాగునీరు తేవడం సరైన నిర్ణయమే.

చివరగా భాష. మందుల చీటీ, గోడమీద కాగితం, ఆసుపత్రి బల్లమీద సూచన, ఇవన్నీ ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఒడియా ధారాళంగా మాట్లాడతారు గాని చాలామంది చదవలేరు. రెండు పూటలు వేసుకోవలసిన మాత్రను ఒక పూటే వేసుకున్నవారిని, భోజనానికి ముందుది తరవాత వేసుకున్నవారిని ఎంతమందిని చూశానో. అందుకే నా మాత్రల కవరు మీద సూర్యుడు, చంద్రుడు, కంచం బొమ్మలు గీసి ఇచ్చేవాణ్ణి. నా బొమ్మలు చూసి కాంపౌండరు నవ్వేవాడు గాని, రోగులకు మాత్రం అవి బాగానే అర్థమయ్యేవి.

ఈ సంఘంలోని యువకులను ఒకటి కోరి విరమిస్తాను. వచ్చే ఆదివారం మీ మీ పేటల్లో కొళాయి గొట్టం ఎక్కడెక్కడ మురుగు కాలవను దాటుతోందో, ఏ అతుకు కారుతోందో, నీళ్ళు ఏ వేళకు వచ్చి ఏ వేళకు ఆగుతున్నాయో ఒక కాగితం మీద రాసి తీసుకురండి. అన్నీ కలిపి ఒకే పటం గీసి, ఒడియాలో అర్జీ రాసి, మహానగరపాలక సంస్థ ఇంజినీరు దగ్గరికి నేనూ మీతో వస్తాను. ఈలోగా పొద్దున్నే వచ్చే మొదటి బిందె నీళ్ళు మొక్కలకు పొయ్యండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగవచ్చు.