పగడాల ట్యాంకుకి ఏ పంపు కొనాలి? – ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. ఈ శనివారం ఉప్పునీటి ట్యాంకుల గురించి, అందులోనూ పగడాలు పెంచే రీఫ్ ట్యాంకుల్లో నీళ్లు తిప్పే పంపుల గురించి మాట్లాడుకుందాం. డాలస్ దగ్గర పదకొండేళ్లుగా రీఫ్ ట్యాంకులు పెంచుతున్న మిత్రులు స్టూడియోలో ఉన్నారు, సలహాలు ఆయన చెబుతారు. అప్పుడే లైన్లు నిండిపోయాయి. మొదటి కాల్ ఫ్రిస్కో నుంచి. చెప్పండి.

ఫ్రిస్కో శ్రోత: నమస్తే అన్నా. మాది 75 గ్యాలన్ల ట్యాంకు, నాలుగడుగుల పొడవు, పెట్టి ఎనిమిది నెలలైంది. పోయిన వారం ఒక పెద్ద వేవ్‌మేకర్, అదే ట్యాంకు లోపల పెట్టి నీళ్లు తిప్పే పంపు, కొన్నాను, డబ్బా మీద గంటకి 4,000 గ్యాలన్లు అని ఉంది. పెట్టినప్పటి నుంచి హామర్ కోరల్ అనే పగడం ముడుచుకుపోయింది. ఇసుక ఒక మూల లేచిపోయి అడుగున గాజు కనిపిస్తోంది. రాళ్ల వెనకాల మాత్రం చెత్త అలాగే పేరుకుంటోంది. ఇంకా పెద్దది కొనాలా?

సలహాదారు: వద్దండీ, ముందు ఆ పర్సు లోపల పెట్టేయండి. పంపు ఏ మూలన పెట్టారు? హామర్ దానికి ఎంత దూరంలో ఉంది?

ఫ్రిస్కో శ్రోత: కుడివైపు గాజుకి, మధ్యలో పెట్టాను. హామర్ దానికి ఎదురుగా ఒక అడుగు దూరంలో, రాయి మీద ఉంది.

సలహాదారు: అడుగు దూరంలో ఎదురుగానా! అయ్యో, పాపం అది ఎలా తెరుచుకుంటుందండీ. మన ముఖం మీద గార్డెన్ పైపు నీళ్లు రోజంతా కొట్టినట్టే కదా. హామర్, టార్చ్, ఫ్రాగ్‌స్పాన్, వీటన్నిటికీ లోపల రాతి గూడు ఉంటుంది, దాని అంచులు పదునుగా ఉంటాయి. పైన ఉన్న మెత్తటి కండని నీటి ధార ఒకే దిక్కున నొక్కుతూ ఉంటే ఆ అంచుకి రాసుకుని చిరిగిపోతుంది, చిరిగిన చోట కుళ్లు మొదలవుతుంది. కాబట్టి ఇప్పుడే, నాతో మాట్లాడుతూనే, ఆ పంపు వేగం సగానికి తగ్గించి మూతి పైకి, నీటి మట్టం వైపు తిప్పండి. కంట్రోలర్ ఉంది కదా?

ఫ్రిస్కో శ్రోత: ఉందన్నా. ఒక్క నిమిషం... తిప్పాను.

సలహాదారు: మంచిది. ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. అంత పెద్ద పంపు ఉన్నా చెత్త ఎందుకు పోవట్లేదంటే, ఒకే ధార ఒకే దారిలో పోతోంది. ఆ దారిలో ఉన్నవాటికి తుఫాను, రాళ్ల వెనకాల మాత్రం నిలవ నీరు. డబ్బా మీద అంకె ఎంత పెద్దదైనా ఇది మారదు. అసలు పగడానికి నీటి కదలిక ఎందుకో ఒక్కసారి ఆలోచించండి. అది కదలలేదు. చేపకి ఆకలేస్తే ఈదుకుంటూ పోతుంది, పగడానికి మాత్రం మేత, ఆక్సిజన్ అన్నీ నీళ్లే మోసుకొచ్చి ఇవ్వాలి. అది వదిలే జిగురు, వ్యర్థం కూడా నీళ్లే తీసుకుపోవాలి. నీళ్లు కదలకపోతే దాని ఒంటిని అంటుకుని ఒక పలచని నీటి పొర నిలిచిపోతుంది, ఆ పొరలోంచి ఏదీ త్వరగా లోపలికి రాదు, బయటికి పోదు. ఆ పొరని ఎప్పటికప్పుడు చెదరగొట్టడమే మన పంపు పని. సముద్రంలో అల వస్తుంది, వెనక్కి లాగుతుంది, పక్కనించి ఇంకోటి తగులుతుంది. పగడానికి అలవాటైన నీళ్లు అవి.

వ్యాఖ్యాత: మరి కొనేవాళ్లకి లెక్క ఏమైనా ఉందా? ఎన్ని గ్యాలన్ల ట్యాంకుకి ఎంత పంపు అని?

సలహాదారు: ఉంది. ట్యాంకులో ఉన్న నీటికి గంటకి ఎన్ని రెట్లు తిప్పుతున్నామో చూసుకుంటాం. మష్రూమ్‌లు, లెదర్‌లు, జోవాంథిడ్‌ల లాంటి మెత్తటి రకాలకి 10 నుంచి 20 రెట్లు చాలు. హామర్, టార్చ్, బ్రెయిన్ లాంటి పెద్ద పాలిప్‌ల రకాలకి, అంటే మెత్తటి కండ పెద్దగా ఉండేవాటికి, 20 నుంచి 40. అక్రోపోరా, మాంటిపోరా లాంటి కొమ్మల రకాలు, పలకల రకాలు 40 దాటినా ఇష్టపడతాయి. ఇది మొదలుపెట్టడానికి ఒక అంచనా మాత్రమే, శిలాశాసనం కాదు. మీ 75కి 20 రెట్లంటే 1,500, 40 రెట్లంటే 3,000. అంటే గంటకి 1,500 గ్యాలన్లు ఇచ్చే, వేగం తగ్గించుకోగలిగే పంపులు రెండు, చెరో చివర. మీ 4,000 ఒక్కటి కంటే అవి నూరు రెట్లు నయం. రెండూ కొంచెం పైకి, కొంచెం ముందు గాజు వైపు చూసేలా పెట్టండి. రెండు ధారలు మధ్యలో ఢీకొంటే అక్కడ నీళ్లు చెల్లాచెదురుగా తిరుగుతాయి, మనకి కావాల్సింది అదే. కంట్రోలర్‌లో ఒకటి పెరిగినప్పుడు ఇంకోటి తగ్గేలా పెట్టుకుంటే ఇంకా మంచిది. రాళ్లు వెనక గాజుకి ఆనించారా?

ఫ్రిస్కో శ్రోత: ఆనించే ఉన్నాయన్నా.

సలహాదారు: రెండు మూడు అంగుళాలు ముందుకి జరపండి, వెనకాల నీళ్లు పోయే దారి ఉండాలి. సగం చెత్త దానితోనే పోతుంది.

ఫ్రిస్కో శ్రోత: ట్యాంకు కింద సంప్‌లో, అదే నీళ్లు దిగి శుభ్రమయ్యే తొట్టిలో, రిటర్న్ పంపు కూడా ఉంది కదా, అది ఈ లెక్కలోకి రాదా?

సలహాదారు: నేనైతే కలపను. దాని పని సంప్‌లో నీళ్లు పైకి పంపడం, ట్యాంకుకి ఐదు రెట్లు పంపితే చాలు. ఒక్క విషయం, నాలుగైదు అడుగుల ఎత్తుకి నీళ్లు తోస్తున్నప్పుడు డబ్బా మీద రాసినంత రాదు, చాలా తగ్గుతుంది. కొనేముందు ఆ ఎత్తుకి ఎంత వస్తుందో కంపెనీ ఇచ్చే పట్టికలో చూడండి. ఇంకొకటి, పైన నీళ్లు పోసే గొట్టం మూతి నీటి మట్టానికి కాస్త కిందే ఉండాలి. లోతుగా పెడితే కరెంటు పోయినప్పుడు సైఫన్ పట్టి, అంటే అదే గొట్టం నీళ్లని వెనక్కి లాగి, ట్యాంకు నీళ్లు సంప్‌లోకి, సంప్ నీళ్లు మీ కార్పెట్ మీదికి వస్తాయి. ఒకసారి ప్లగ్ తీసి సంప్ ఎంతవరకు నిండుతుందో చూడండి, తర్వాత టెన్షన్ ఉండదు.

వ్యాఖ్యాత: కరెంటు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేదు కదా, అప్పుడు మీ ట్యాంకు?

సలహాదారు: మర్చిపోలేను. మా ఇంట్లో రెండు రోజులు లేదు. నేను చేసిన తప్పు చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. చలి కాబట్టి నీళ్లు చల్లబడతాయని నా ధ్యాసంతా దానిమీదే పెట్టాను, ట్యాంకు చుట్టూ దుప్పట్లు కప్పాను. నీళ్లు కదలట్లేదన్న సంగతి పట్టించుకోలేదు. తెల్లారేసరికి పెద్ద చేపలు మూడూ పోయాయి. అప్పటికి నీళ్లు అంత చల్లబడలేదు కూడా, ఆక్సిజన్ అయిపోయింది. పైన నీళ్లు కదులుతుంటేనే గాలిలోంచి ఆక్సిజన్ కలుస్తుంది. దుప్పటి దాన్ని ఇంకా మూసేసింది. ఆరేళ్లుగా నా చేత్తో తిన్న టాంగ్ చేప వాటిలో ఒకటి. అప్పటి నుంచి ఎవరు పంపు కొంటున్నామన్నా నేను అడిగే మొదటి ప్రశ్న, దానికి బ్యాటరీ తగిలించొచ్చా అని. డీసీ వేవ్‌మేకర్లలో చాలావాటికి తగిలించొచ్చు. నెమ్మదిగా తిప్పితే కరెంటు చాలా తక్కువ తింటాయి. రెండు పంపుల్లో కనీసం ఒకటి బ్యాటరీ మీద ఉండాలి. అది కుదరకపోతే బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి అల్మరాలో పెట్టుకోండి.

వ్యాఖ్యాత: ఎడిసన్, న్యూజెర్సీ నుంచి ఒక మేడమ్ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

ఎడిసన్ శ్రోత: నమస్కారమండీ. మాది చిన్నది, 20 గ్యాలన్లు. మా అబ్బాయి కోసం పెట్టాం, ఇప్పుడు చూసుకునేది నేనే. ఈ నెలలో ఇసుక మీద ఎర్రగా, పలచటి జిగురు గుడ్డలా ఏదో పరుచుకుంటోంది. తీసేస్తే మూడు రోజుల్లో మళ్లీ వస్తోంది. నీళ్ల కదలిక తక్కువైతే అలా వస్తుందని ఎవరో అన్నారు. కొత్త పంపు ఆర్డర్ పెడదామని కార్ట్‌లో వేశాను, ఈలోపు మీ కార్యక్రమం వచ్చింది.

సలహాదారు: కార్ట్‌లోనే ఉంచండమ్మా, ఇప్పుడే కొనకండి. అది నాచు కాదు, సయనోబాక్టీరియా. నీళ్లు నెమ్మదిగా కదిలే చోట, మేత ఎక్కువై చెత్త పడిన చోట వస్తుంది. మొదట్లో లేదు, ఈ మధ్యే వచ్చింది అంటున్నారు. ఇప్పుడున్న పంపు ఎన్నాళ్లైంది, ఎప్పుడైనా విప్పి కడిగారా?

ఎడిసన్ శ్రోత: కొని 14 నెలలైందండీ. కడగడమంటే... బయట పట్టిన గులాబీ పెచ్చు గీకాను. లోపల విప్పలేదు.

సలహాదారు: అదే అయి ఉంటుంది. రీఫ్ నీళ్లలో కాల్షియం ఎక్కువ, పంపు లోపల తిరిగే రెక్కకి, ఇరుసుకి గారలా పడుతుంది, మన ఇళ్లల్లో గీజర్‌కి పట్టినట్టు. పంపు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి మనకి తెలియదు, నీళ్లు మాత్రం చాలా తగ్గిపోతాయి. ప్లగ్ తీసి పంపు బయటికి తీయండి. బకెట్లో తెల్ల వెనిగర్ సగం, నీళ్లు సగం పోసి పంపుని అందులో ఒక గంట నడపండి. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లైనా సరే. తర్వాత విప్పి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లతో బాగా కడిగి పెట్టండి. సబ్బు మాత్రం తగలనివ్వొద్దు. మూడు నెలలకోసారి ఇది చేయాలి. కడిగాక ఆ ఎర్ర పొరని సన్న గొట్టంతో పీల్చేసి, మేత కొంచెం తగ్గించి, రెండు వారాలు చూడండి. అప్పటికీ వస్తుంటే నాకు మళ్లీ ఫోన్ చేయండి, నైట్రేట్, ఫాస్ఫేట్ ఎంతున్నాయో పరీక్ష చేసి పెట్టుకుని.

ఎడిసన్ శ్రోత: అలాగేనండీ. ఇంకో చిన్న మాట, మావాడు అనిమోన్, అదే పువ్వులా ఉండే ఆ సముద్రజీవి, కావాలని ఒకటే గొడవ...

సలహాదారు: 20 గ్యాలన్లకి ఇప్పుడే వద్దమ్మా. అది నచ్చిన చోటు దొరికేదాకా రాత్రిళ్లు నడుస్తుంది, నడిచి నడిచి పంపులోకి పోతుంది. ముక్కలై ట్యాంకంతా విషమైన ఇళ్లు నేను చూశాను. ఎప్పుడైనా పెడితే పంపు మూతికి స్పాంజి జాలీ తొడిగాకే.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ విశాఖపట్నం నుంచి. అక్కడ ఇప్పుడు తెల్లవారుజాము అయి ఉంటుంది.

విశాఖ శ్రోత: అవునండీ, నాలుగున్నర. దీని కోసమే లేచాను. మా అన్నయ్య డెట్రాయిట్‌లో ఉంటాడు, వచ్చే నెల వస్తున్నాడు. ఒక మంచి పంపు తెమ్మంటే, అక్కడిది ఇక్కడ పనిచేస్తుందా అని అడిగాడు. నాకు తెలియలేదు.

సలహాదారు: అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. నేరుగా గోడకి పెట్టే ఏసీ పంపు తెస్తే కాలిపోతుంది. డీసీ పంపు అయితే దాని అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉందేమో అన్నయ్యని చదవమనండి, ఉంటే ప్లగ్ మార్చుకుంటే చాలు. మీ దగ్గర ఎండాకాలానికి కూడా డీసీయే మేలు, నీళ్లని తక్కువ వేడి చేస్తుంది. మోటారు గాజుకి బయట ఉండి, లోపల రెక్క అయస్కాంతంతో తిరిగే వోర్‌టెక్ బ్రాండు లాంటి రకమైతే వేడి ఇంకా తక్కువ. సరే, ట్యాంకులో ఏం పెంచుతున్నారు?

విశాఖ శ్రోత: ఇప్పటికి క్లౌన్ చేపలే ఉన్నాయండీ. ఒకాయన రాతి పగడాలు తెప్పించి ఇస్తానంటున్నాడు.

సలహాదారు: తీసుకోకండి. మీ మంచి కోరి చెబుతున్నాను. రాతి పగడాలన్నీ మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 కింద ఉన్నాయి, 2001లో చేర్చారు. పులి ఉన్న జాబితా అది. సీ ఫ్యాన్ అనే విసనకర్రల్లాంటి పగడాలు కూడా అందులోనే. చచ్చిన పగడపు రాయి అయినా సరే, అమ్మడం, కొనడం నేరం. అమెరికాలో మేం ట్యాంకుల్లోనే పెంచి కోసిన ముక్కలు కొంటాం, దాన్ని చూసి అక్కడ చేస్తే మీరు చిక్కుల్లో పడతారు, పైగా ఆ ముక్క సముద్రంలో ఏ పగడపు దిబ్బ మీంచి విరిచి తెచ్చారో. చేపలతోనే చాలా అందంగా పెంచొచ్చు. రాళ్లకి సిరామిక్‌వి వాడండి. చేపల ట్యాంకుకి 10 రెట్లు తిప్పితే హాయిగా సరిపోతుంది, కాబట్టి అన్నయ్యకి చిన్న పంపు చెప్పండి చాలు. ఇన్వర్టర్ ఉందా?

విశాఖ శ్రోత: ఉందండీ.

సలహాదారు: పంపుని దాని మీద వేయండి. వైరు ప్లగ్ దగ్గరికి పోయేముందు కిందికి వంగి మళ్లీ పైకి లేవాలి, అప్పుడు కారిన ఉప్పునీళ్లు ఆ వంపులోనే చుక్కలుగా రాలిపోతాయి, ప్లగ్‌లోకి పోవు. ఆ లైనుకి ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి, తప్పకుండా ఉండాలి. ఉప్పునీళ్లలో చేయి పెట్టేముందు స్విచ్చి ఆపండి.

వ్యాఖ్యాత: ఇంకో రెండు నిమిషాలే ఉన్నాయి. ఫ్రిస్కో మిత్రులు మళ్లీ లైన్లోకి వచ్చారు.

ఫ్రిస్కో శ్రోత: అన్నా, హామర్ ఒక పక్కన కొంచెం ఉబ్బుతోంది. వేళ్లలాంటి దాని మెత్తటి కొసలు కనిపిస్తున్నాయి. రాళ్లు ఇప్పుడే జరపనా?

సలహాదారు: చాలా సంతోషం! ఈరోజు ఇంకేమీ కదపకండి, దాన్ని అలా వదిలేయండి. రేపు లైట్లు వెలిగిన రెండు మూడు గంటలకి చూడండి. కొసలన్నీ ఒకే పక్కకి వాలిపోయి ఉంటే ధార ఇంకా తగులుతున్నట్టు. అటూ ఇటూ నెమ్మదిగా ఊగుతుంటే సరిపోయినట్టు. రాళ్లు వచ్చే వారం జరుపుదురుగాని, ఒక్కొక్కటే. జరిపాక చిటికెడు మేత వేసి అది ఎక్కడ ఆగిపోతుందో చూడండి. రెండో పంపు ఎటు చూడాలో అదే చెబుతుంది.