మా నాయనను మేమెవరమూ అడగలేదు

(అనంతపురంలో రిటైర్డ్ ఉద్యోగుల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం)

పెద్దలందరికీ నమస్కారం.

నేను వకీలునే కాదు, నోటరీని కూడా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అఫిడవిట్లు, బాడుగ అగ్రిమెంట్లు, భూమి కాగితాలు. నెల కిందట ఒక పెద్దాయన వచ్చి నా టేబుల్ ముందు కూర్చున్నాడు. చేతిలో మడతలు పడిన పేపర్ కటింగ్. "నాకు జబ్బు ముదిరితే డాక్టరు ఒక సూది వేసి పంపించేయాల. దానికి కాగితం రాసి ముద్ర వెయ్యి అబ్బీ" అన్నాడు. అలాంటి కాగితం మన దేశంలో చెల్లదని చెప్పి, చెల్లే కాగితం ఏదో చెప్పడానికి నాకు గంట పట్టింది. ఆ గంట మాటలే ఈరోజు మీకు చెప్తాను.

మన పేపర్లు "కారుణ్య మరణం" అనే ఒక్క మాటతో మూడు సంగతులు రాస్తాయి. బతికే ఆశ లేని మనిషికి వెంటిలేటర్ లాంటివి తీసేసి, జబ్బు దారిన జబ్బును పోనివ్వడం ఒకటి. ప్రాణం పోయే మందు డాక్టరు రాసిస్తే రోగి తన చేత్తో తాను తీసుకోవడం ఇంకొకటి. డాక్టరే సూది వేయడం మూడోది. మొదటిదానికి మన సుప్రీంకోర్టు ఒప్పుకుంది. మిగతా రెండూ ఇక్కడ నేరాలే. మందు అందించినవాళ్ల మీద భారతీయ న్యాయ సంహిత 108వ సెక్షన్ కింద కేసు పెట్టొచ్చు, పదేళ్ల దాకా జైలు. సూది వేస్తే హత్య కేసు, లేదంటే కనీసం హత్య కిందికి రాని నరహత్య కేసు.

ఆ రెండో పద్ధతికి చట్టం చేసినవాళ్లలో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం ముందుంది. 1994లో జనం ఓటు వేసి ఒప్పుకున్నారు, 1997లో అమల్లోకి వచ్చింది. నెదర్లాండ్స్‌లో 2002 నుంచి, కెనడాలో 2016 నుంచి డాక్టరే సూది వేయడానికి కూడా చట్టం ఉంది. నేను ఒరెగాన్ చట్టం శ్రద్ధగా చదివాను. పద్దెనిమిదేళ్లు నిండాలి. ఆరు నెలలకు మించి బతకడని ఇద్దరు డాక్టర్లు చెప్పాలి. మనసు స్థిమితంగా ఉండాలి. నోటితో రెండుసార్లు అడగాలి, ఇద్దరు సాక్షుల ముందు ఒకసారి రాసివ్వాలి. నొప్పి తగ్గించే వైద్యం ఏమేమి ఉందో డాక్టరు ముందే చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, రోగి తానే అడగాలి. కొడుకు అడిగితే కుదరదు, భార్య అడిగినా కుదరదు. ఇంకో సంగతి, అక్కడ మందు రాయించుకున్నవాళ్లలో సుమారు మూడోవంతు మంది దాన్ని వాడకుండానే పోతారు. ఇంట్లో ఉందన్న ధైర్యమే కొందరికి సరిపోతుందేమో.

ఆ చట్టం మనకు రావాలా అని ఆ పెద్దాయన అడిగాడు. నాకైతే ఇప్పుడు వద్దనిపిస్తుంది. చావు కోరుకునేవాళ్లది తప్పు అని నేను అనను. ఆ చట్టం నిలబడేదే రోగికి తన జబ్బు తెలుసు అన్న నమ్మకం మీద. మన ఇండ్లలో రోగికి తప్ప ఊరందరికీ తెలిసి ఉంటుంది.

మా నాయన సంగతి చెప్తాను. 2015లో ఆయనకు అన్నవాహికలో క్యాన్సర్. "మా నాయనకు చెప్పొద్దండి" అని డాక్టరును బతిమాలింది నేనే. ఇంట్లో అందరం అల్సర్ అన్నాం. మన జిల్లా వాళ్లందరి మాదిరే బెంగళూరుకు తీసుకుపోయినాం. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదకొండు రోజులు వెంటిలేటర్ మీద పెట్టారు. గొట్టం పీకేస్తున్నాడని ఆయన రెండు చేతులూ మంచం కమ్మీలకు గాజుగుడ్డతో కట్టేశారు. నలభై ఏండ్లు వేరుశనగ చేను దున్నిన చేతులు. మణికట్టు దగ్గర గుడ్డ ఒరుసుకుని ఎర్రగా కమిలిపోయింది. పదో రోజు నేను నర్సమ్మను అడిగి కుడిచేతి కట్టు కొంచెం వదులు చేయించినాను. నాయన నా అరచెయ్యి పట్టుకుని వేలితో రాసినాడు. రెండుసార్లు రాస్తే గానీ నాకు అర్థం కాలేదు. "ఇంటికి" అని.

మరుసటి రోజు "మా ఇష్టం మీద తీసుకుపోతున్నాం" అని సంతకం పెట్టి అంబులెన్స్ ఎక్కించినాం. బాగేపల్లి టోల్‌గేటు దాటినాక పోయినాడు. ఇంటికి చేరలేదు.

ఆ పదకొండు రోజుల్లో ఆయనకు ఏం కావాలని మేం ఎవరమూ అడగలేదు. అన్నదమ్ములం మాట్లాడుకున్నాం, మామలతో మాట్లాడినాం, అప్పిచ్చేవాళ్లతో కూడా మాట్లాడినాం.

ఇప్పుడైతే చట్టంలో దారి ఉంది. ముంబైలో అరుణా షాన్‌బాగ్ అనే నర్సు 1973లో జరిగిన దాడి తర్వాత 42 ఏండ్లు మంచం మీదే ఉండి 2015లో పోయింది. ఆమె కేసులోనే 2011లో సుప్రీంకోర్టు, గొట్టాలు తీసేసే ఈ దారికి మొదటిసారి తలుపు తెరిచింది. ఆమె విషయంలో మాత్రం ఒప్పుకోలేదు. అన్నేళ్లూ కన్నబిడ్డలా చూసుకున్న తోటి నర్సులు, ఆసుపత్రి వాళ్లు వద్దన్నారు కాబట్టి. ఆ నర్సులను తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది.

2018 మార్చి 9న ఐదుగురు జడ్జీల ధర్మాసనం, గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పి, లివింగ్ విల్‌కు, అంటే బతికే ఆశ లేనప్పుడు గొట్టాలు వద్దని ముందే రాసిపెట్టుకునే కాగితానికి, ఒప్పుకుంది. అప్పుడు దానికి మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. ఎవరు తిరుగుతారు? 2023 జనవరిలో ఆ పద్ధతి సులువు చేశారు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీ దగ్గర గానీ గెజిటెడ్ అధికారి దగ్గర గానీ ధ్రువీకరించుకుంటే చాలు. రేపు మీకు మాట పడిపోతే మీ తరఫున ఎవరు మాట్లాడాలో పేర్లు అందులోనే రాయాలి. మనసు మారితే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. కాగితం ఉంది కదా అని ఎవరో వచ్చి గొట్టం పీకరు. ముందు ఆసుపత్రిలో ముగ్గురు డాక్టర్ల బోర్డు చూస్తుంది. తర్వాత ఇంకో ముగ్గురి బోర్డు చూస్తుంది, అందులో ఒక డాక్టరును జిల్లా వైద్యాధికారి పంపాలి. మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. ఆస్తి మీద కన్నేసిన కొడుకు ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

హిందూపురం దాటితే కర్ణాటక. అక్కడి ప్రభుత్వం 2025 జనవరిలో ఈ బోర్డుల గురించి ఉత్తర్వు ఇచ్చింది. మన డీఎంహెచ్‌ఓ, అంటే జిల్లా వైద్యాధికారి ఆఫీసుకు పోయి, రెండో బోర్డుకు మన దగ్గర పేరు ఖరారైన డాక్టరు ఎవరు సార్ అని అడుగుదాం. పేరు లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇద్దాం. మీరంతా సర్వీసులో ఎన్ని అర్జీలు చూసినవాళ్లో!

అదే అర్జీలో మార్ఫిన్ గురించి కూడా రాయాలి. క్యాన్సర్ నొప్పికి అది ఎంతో పాత మందు, ఖరీదు కూడా తక్కువ. 1985 మత్తుమందుల చట్టం వల్ల లైసెన్సులకు భయపడి ఆసుపత్రులు దాన్ని పెట్టుకోవడమే మానేశాయి. 2014లో చట్టం సవరించి ఆ చిక్కులు తగ్గించారు. కేరళలో మంచం పట్టినవాళ్ల ఇంటికే నర్సులు పోయి నొప్పి చూసి వస్తారు. రాత్రంతా కేకలు పెట్టి "దేవుడా, తీసుకుపో" అనే మనిషికి నొప్పి తగ్గితే పొద్దున కాఫీ అడుగుతాడు. అందరూ అలా మారతారని కాదు. కానీ నొప్పికి మాత్ర ఇవ్వకుండా, నీకు చావు కావాలా అని అడగడం న్యాయం కాదు. ఒరెగాన్ చట్టం మనకు ఇప్పుడే వద్దనడానికి నాకున్న రెండో కారణం ఇదే.

పోయిన ఏడాది మా అమ్మను కూర్చోబెట్టి అడిగినాను. ఆమెకు ఎనభై రెండేళ్లు. నోరు విప్పడానికి నాకే టెన్షన్. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది. "గొట్టాలొద్దు. బెంగళూరొద్దు. పంచలో మంచమెయ్యి, నొప్పి లేకుండా చూడు. మీ అక్కను పిలిపియ్యి."

రాసినాను. సొంత అమ్మ కాగితం మీద నేనే నోటరీ ముద్ర వేయడం పద్ధతి కాదు కాబట్టి పక్క టేబుల్ వకీలు దగ్గరికి తీసుకుపోయినాను. ఆయన అంతా చదివి వినిపించి, "అమ్మా, ఇది మీ ఇష్టంతోనే రాయించినారా, మీ అబ్బాయి రాయమన్నాడా?" అని అడిగినాడు.

అమ్మ కండ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. "వాడు అడిగినాడు. నేను చెప్పినా" అన్నది. సంతకం పెట్టింది.